ఒక్క మనిషితో నడిచే వ్యవస్థ

కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టిన ఏడాది, జూన్ నెలలో, నన్ను హైదరాబాద్ ప్రధాన కార్యాలయం నుంచి వికారాబాద్‌కు పంపుతూ ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను ఒక పాల ఉత్పత్తిదారుల సంఘంలో సిస్టమ్స్ మేనేజర్‌ని. హోదా పేరు పెద్దదే గానీ మా విభాగం చిన్నది. జనరల్ మేనేజర్ కింద సేకరణ, శీతలీకరణ, రవాణా, అమ్మకాలు అనే నాలుగు పెద్ద విభాగాలు ఉండేవి. వాటన్నిటి తర్వాత మేము. ఉత్తర్వులో నా పనిని ఒక్క వాక్యంలో రాశారు: వికారాబాద్, తాండూర్ శీతల కేంద్రాల పరిధిలో పాల సేకరణకు కొత్త కంప్యూటర్ వ్యవస్థ ఎలా ఉండాలో నిర్ణయించి, తయారు చేయించి, నడిపి చూపాలి. అది కుదిరితే మిగతా జిల్లాలకూ అదే నమూనా అవుతుంది.

పాల సేకరణ ఎలా జరుగుతుందో తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. రైతు ఊళ్లోని కేంద్రానికి పాలు తెస్తాడు. కేంద్రం కార్యదర్శి తూకం వేసి, కొద్దిగా పాలు తీసి పరీక్ష యంత్రానికి పెడతారు. వెన్న శాతం, వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతం అందులో తెలుస్తాయి. ఆ రెండింటిని బట్టి ధర. తూకం, ధర అచ్చయిన చీటీ రైతు చేతికి వస్తుంది. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట ఇదే పని. పదిహేను రోజులకొకసారి ఆ చీటీలన్నీ కలిపి బ్యాంకు ఖాతాలో పాల బిల్లు వేస్తారు. పాత పద్ధతిలో ఊరి యంత్రంలోని వివరాలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పాల వ్యానులో పంపేవారు. అది తడిసినా, డ్రైవరు ఇవ్వడం మరిచిపోయినా ఆ ఊరి బిల్లు ఆగిపోయేది. ఆగిన ప్రతిసారీ కొందరు రైతులు పట్నం మిఠాయి దుకాణాలకు పాలు కొనుక్కుపోయే వ్యాన్లవైపు వెళ్లిపోయేవారు. మళ్లీ తిరిగి వచ్చేవారు తక్కువ.

నాతోపాటు ఇద్దరిని ఇచ్చారు. రహమత్ డేటాబేస్ చూసేవాడు, చాలా ఏళ్లుగా నా దగ్గర పనిచేసినవాడు. సుజాత ప్రోగ్రామర్. వికారాబాద్ స్టేషన్‌కు కొంత దూరంలో ఉన్న శీతల కేంద్రం పై అంతస్తులో మాకు ఒక గది దొరికింది. కింద కంప్రెసర్లు ఆగకుండా తిరిగేవి కాబట్టి గదిలో కొంచెం గట్టిగా మాట్లాడుకోవలసి వచ్చేది. మొదట్లో ముగ్గురం హైదరాబాద్ నుంచి రైల్లో వచ్చిపోయేవాళ్లం. పని ముదిరాక నేను పట్టణంలోనే ఒక చిన్న వాటా అద్దెకు తీసుకున్నాను. నేను పెళ్లి చేసుకోలేదు. మల్కాజిగిరిలో నేనూ, బావ పోయాక నా దగ్గరికి వచ్చేసిన మా అక్కా ఉండేవాళ్లం. శనివారం సాయంత్రం ఇంటికి వెళ్లి సోమవారం పొద్దున తిరిగి రావచ్చులే అనుకున్నాను.

మా ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ ఇచ్చిన ప్రతిపాదన. తూకానికి ఒక చిన్న ప్రోగ్రాం, ధరకు ఒకటి, బిల్లుకు ఒకటి, బ్యాంకుకు పంపడానికి ఒకటి, ఇలా వ్యవస్థను చాలా ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్కటీ విడివిడిగా అద్దె సర్వర్ల మీద, అంటే క్లౌడ్ మీద నడపడం. పెళ్లి వంటశాలలో అన్నానికి ఒక పొయ్యి, పప్పుకు ఒక పొయ్యి, ఒక్కోదానికి ఒక వంటమనిషి ఉన్నట్టు. బంతులు పెరిగితే కావలసిన పొయ్యి ఒక్కదాన్నే పెంచుకోవచ్చు. పది జిల్లాలకు విస్తరించినా మార్చనక్కర్లేని పద్ధతి అది. ఆ సంస్థవారు తెలివైనవాళ్లు, వాళ్లు చెప్పిందాంట్లో అబద్ధం లేదు.

రెండో దారి మేము ఆలోచించుకున్నది. ఒకే ప్రోగ్రాం, ఒకే డేటాబేస్, ఒకే సర్వర్. ఊరి యంత్రం చీటీ వివరాలను ముందు తన దగ్గరే దాచుకుని, నెట్ ఉన్నప్పుడు సర్వర్‌కు పంపుతుంది. నెట్ లేకపోయినా చీటీ అచ్చవుతుంది, రైతు ఇంటికి పోతాడు.

రహమత్‌కు మొదట రెండోది నచ్చలేదు. "రేపు పది జిల్లాలైతె ఎట్ల మేడం? ఒక్క సర్వర్ మీద అంత బరువు పెడ్తె కూసుంటది," అన్నాడు. అతని సందేహం న్యాయమైనదే. కాగితం మీద వాదించుకుంటే తేలే విషయం కాదని, కేంద్రాలకు పోయి చూద్దామనుకున్నాను.

పొద్దున మొదటి ప్యాసింజర్‌లో ధారూర్ దిగి, అక్కడి నుంచి ఆటోలో ఒక ఊరికి వెళ్లేదాన్ని. ఆ ఊరి కేంద్రం కార్యదర్శి మల్లమ్మ. వాళ్ల కుటుంబానికి తరతరాలుగా గొర్రెల మందలు, ఇప్పుడు వాటికి తోడు నాలుగు బర్రెలు, కొంత కంది చేను. నేను మూలన కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చునేదాన్ని. తెల్లారిన కాసేపటికి క్యాన్లతో జనం బారు తీరేవారు. గంటో గంటన్నరో ఊపిరాడని పని. తర్వాత సాయంత్రం దాకా గది ఖాళీ. వాన పడితే నెట్ పోయేది. కరెంటు పోతే బ్యాటరీ మీద తూకం నడిచేది గానీ సిగ్నల్ ఉండేది కాదు. ఒక పొద్దున పాత యంత్రం చీటీ ఇవ్వకుండా మొరాయిస్తే బారులో ఉన్నవాళ్లు గొంతులు పెంచారు. మల్లమ్మ వాళ్లను సముదాయించి, బారు కరిగాక నా వైపు తిరిగింది.

"మేడం, నువ్వేం జేస్తవో నాకు తెల్వది. గని చీటి జల్ది రావాలె. పొలం కాడికి పోయెటోళ్లు గీడ ఎంతసేపు నిలవడ్తరు?"

నేను తిరిగిన కేంద్రాలన్నింటిలోనూ అదే తీరు. మా పని భారం రోజంతా పెరుగుతూ తగ్గుతూ ఉండేది కాదు. ఏ గంటలో వస్తుందో ముందే తెలిసిన భారం, ఎంత వస్తుందో కూడా దాదాపు తెలిసిన భారం. పైగా ఊరి యంత్రం దాచుకుని పంపగలిగితే సర్వర్ ఆ గంటలోనే అన్నీ మింగనవసరం లేదు, నిదానంగా మధ్యాహ్నం దాకా తీసుకోవచ్చు. తిరిగి వచ్చాక సుజాత ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. మాకున్న కేంద్రాలకు ఎన్నో రెట్లు కేంద్రాలు ఒక్కసారిగా వివరాలు పంపినట్టు సర్వర్‌ను నమ్మించే ప్రోగ్రాం. సర్వర్ కొంచెం నెమ్మదించింది కానీ ఆగలేదు. జిల్లాలు పెరిగితే ఒక్కో జిల్లాకు ఇదే వ్యవస్థ ఇంకో ప్రతిని విడిగా పెడదామని, ఒకదాని భారం ఇంకోదాని మీద పడదని నేను గీసి చూపించాక రహమత్ ఆ బొమ్మను తన వైపు తిప్పుకుని లెక్క వేశాడు. "గిది నడుస్తది," అన్నాడు. ఆ తర్వాత నాకంటే ఎక్కువగా అతనే దాన్ని నమ్మాడు.

ఖర్చు సంగతి తాండూర్‌లో తెలిసింది. తాండూర్ శీతల కేంద్రం మేనేజర్ బసవరాజు ఆ పట్టణం మనిషే. ఇంట్లో కన్నడం, ఆఫీసులో తెలుగు. నాపరాళ్ల లారీల దుమ్ము కేంద్రం గేటు మీద ఎప్పుడూ తెల్లగా పేరుకుని ఉండేది, దాన్ని పొద్దునే కడిగించడం ఆయనకు పట్టుదల. మా లెక్కల పద్ధతిలో ప్రతి ఖర్చునూ లీటర్ల ప్రకారం శీతల కేంద్రాలకు పంచుతారు. తాండూర్ పాలు తక్కువ, దూరం ఎక్కువ. అప్పటికే ఆ కేంద్రాన్ని మూసేసి పాలను నేరుగా వికారాబాద్‌కు తెద్దామని బోర్డులో ఒక ఆలోచన నడుస్తోంది.

"ఆ కంపెనీవాళ్ల సర్వర్లకు పాలు వచ్చినా రాకున్నా నెలనెలా బాడుగ కట్టాలె గద మేడం," అన్నాడు బసవరాజు. "ఆ బాడుగ మా మీద వడ్తే మాది మూతనే. బషీరాబాద్ దిక్కు నుంచి వచ్చే పాలు ఎండకాలం వికారాబాద్ దాంక పోయే లోపలనే ఇరుగుతయ్. ఆ ఊర్లకు మళ్ల పాల బండి పోదు."

ఆ సంస్థవారిని అడిగాను. వాడినంతకే బిల్లు అన్నారు. అది నిజమే గానీ, అన్ని ముక్కలూ కనీస స్థాయిలోనైనా ఎప్పుడూ మేలుకుని ఉండాలి. వాటి మధ్య మాటలు నడవడానికి వేరే ఏర్పాటు, అన్నింటినీ కనిపెట్టి ఉండడానికి వేరే ఏర్పాటు, వాటిని చూసే నిపుణులకు నెలవారీ ఒప్పందం. ఆ మొత్తం మా రెండు కేంద్రాల భుజాలకు ఎక్కువ. ఎప్పుడో వచ్చే పది జిల్లాల కోసం ఉన్న ఒక కేంద్రాన్ని పోగొట్టుకోవడం సరైన బేరం కాదని నాకు స్పష్టమైంది.

నిర్ణయం కోసం వికారాబాద్‌లోనే సమావేశం పెట్టారు. జనరల్ మేనేజర్, ఆర్థిక విభాగం అధికారి, ఆ సంస్థ తరఫున ఇద్దరు, మేము ముగ్గురం. రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చెప్పాను. సంస్థవారు భవిష్యత్తు గురించి మాట్లాడారు. నేను పొద్దుటి గంట గురించి మాట్లాడాను. జనరల్ మేనేజర్ అంతా విని ఒక్కటే అడిగారు: "మీ పద్ధతి నడపాలంటే ఎంతమంది కావాలమ్మా?"

అప్పటికి ఆ ప్రశ్నకు జవాబు నా నాలుక మీదే ఉంది. ఒక వ్యవస్థ మంచిదా కాదా అనడానికి మా వృత్తిలో ఒక కొలత ఉంది. దాన్ని ఎంత తక్కువమంది చూసుకోగలిగితే అంత బాగా కట్టినట్టు.

"కట్టడానికి ముగ్గురం కావాలి సార్. కట్టాక ఒక్కరు చాలు," అన్నాను.

సమావేశం నివేదికలో ఆ వాక్యం యథాతథంగా ఎక్కింది. మా పద్ధతికే ఆమోదం వచ్చింది.

తర్వాతి నెలలు నా ఉద్యోగ జీవితంలో మంచి కాలం. పొద్దున కేంద్రాలు, పగలు ప్రోగ్రాం, మధ్యలో రహమత్ ఇంటి నుంచి తెచ్చిన టిఫిన్ డబ్బాలో ముగ్గురి వాటాలు. కంప్రెసర్ల చప్పుడు మీదుగా ఒకరి తప్పులు ఒకరం అరిచి చెప్పుకునేవాళ్లం. సుజాత రాసిన ధరల లెక్కలో పొరపాటు రహమత్ పట్టుకున్నాడు, రహమత్ డేటాబేస్ అమరికలో లోపం నేను పట్టుకున్నాను, నా బిల్లు పద్ధతిలో రైతుకు అర్థం కాని మాటలను సుజాత తీసేసింది. ఒక్కో ఊరూ కొత్త యంత్రంలోకి మారింది. మరుసటి వేసవికి పెన్‌డ్రైవ్‌లు మానేశాం. తాండూర్ కేంద్రం మీద పడిన కొత్త ఖర్చు బసవరాజు భయపడినంత రాలేదు. మూసివేత ఆలోచన బోర్డు కాగితాల్లోంచి తప్పుకుంది.

ఆ వర్షాకాలంలో రెండు బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. సుజాతను ప్రధాన కార్యాలయం అమ్మకాల విభాగానికి, రహమత్‌ను మహబూబ్‌నగర్ వైపు కేంద్రాల లెక్కలకు. కారణం కింద సమావేశం నివేదికను ఉదహరించారు: కొత్త వ్యవస్థ నిర్వహణకు ఒక్కరు సరిపోతారని సిస్టమ్స్ మేనేజర్ తెలిపియున్నారు. ఆ ఒక్కరు ఎవరన్నది విడిగా రాయనవసరం లేకపోయింది. వెళ్లే రోజు రహమత్ తన బల్ల తుడిచి, తాళంచెవి నా ముందు పెట్టి, "ఫికర్ జేయకుండ్రి మేడం, ఫోన్ జేస్తె పలుకుత," అన్నాడు. కొన్నాళ్లు చేశాను. అడగవలసిన విషయాలు తగ్గాక ఫోన్ చేయడానికి కారణం దొరకలేదు.

ఆ తర్వాత నేను చేసిన పని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పొద్దున గదికి వచ్చి తెర ముందు కూర్చునేదాన్ని. తెర మీద ప్రతి కేంద్రానికీ ఒక చుక్క. వివరాలు అందితే ఆకుపచ్చ, అందకపోతే ఎరుపు. ఒక్కొక్కటే ఆకుపచ్చగా మారేవి. మధ్యాహ్నానికి తెరంతా పచ్చబడేది. మళ్లీ సాయంత్రం. బర్రెలకు ఆదివారం సెలవు ఉండదు కాబట్టి నాకూ లేదు. శనివారాలు ఇంటికి పోవడం నెలకోసారి అయింది, తర్వాత అదీ తప్పింది.

వ్యవస్థ ఎంత బాగా నడిస్తే నాకు అంత తక్కువమంది ఫోన్ చేసేవారు. ఇది నేను ముందు ఊహించని సంగతి. తప్పులు ఉన్న రోజుల్లో పదిమందితో మాట్లాడేదాన్ని. తప్పులు పోయాక కింద శీతల కేంద్రం వాళ్లు కూడా మెట్ల దగ్గర నమస్కారం పెట్టి వెళ్లిపోయేవారు. నాతో వాళ్లకు పని లేదు. కొన్ని రోజులు సాయంత్రం దాకా నోరు తెరవకుండా గడిచేది. హోటల్‌లో ఏం కావాలని అడిగితే నా గొంతు నాకే బొంగురుగా వినిపించేది. ఖాళీగా ఉన్న మధ్యాహ్నాల్లో బస్సెక్కి అనంతగిరి పోయి, అడవి దారిలో కొంత నడిచి, సాయంత్రం పాల వేళకు తిరిగి వచ్చేదాన్ని. ఒక చుక్క ఎర్రగా ఉండిపోతే బాగుండునని అనిపించిన పొద్దులు కూడా ఉన్నాయి. అలా ఉండిపోయినప్పుడు అటువైపు ఒక మనిషి గొంతు వినొచ్చు. ఒకసారి చీటీ కాగితం చుట్ట ఇరుక్కుందని మల్లమ్మ ఫోన్ చేసింది. అది సరిచేయడానికి పట్టిన సమయం కంటే ఆమె గొర్రెలకు వచ్చిన గాలికుంటు గురించి మేం మాట్లాడుకున్నదే ఎక్కువ. పెట్టేసే ముందు, "ఎవలన్న ఉన్నరా మేడం నీతోని ఆడ?" అని అడిగింది. ఉన్నారని చెప్పాను.

మా అక్క కొన్నాళ్లు ఓపిక పట్టింది. ఒకరోజు ఫోన్‌లో, "నువ్వు ఆడ్నే ఉంటివి. నేనిక్కడ ఒక్కదాన్నే గోడలు చూస్కుంట ఎన్నొద్దులు కూసోవాలె? పుణెల కొడుకు రమ్మంటున్నడు, పోత," అంది. సరేనన్నాను. ఇల్లు అద్దెకిచ్చాం. సామానులో నావి రెండు అట్టపెట్టెలు వికారాబాద్ వచ్చాయి. అక్క పుణె రైలెక్కిన రోజు పొద్దున తాండూర్ వైపు నెట్ మొత్తం పోయింది. స్టేషన్‌కు పోలేకపోయాను.

వాళ్లిద్దరూ బదిలీ అయిన మరుసటి ఏడాది వర్షాకాలం చివర్లో నాకు జ్వరం వచ్చింది. మాత్రలు వేసుకుని తెర ముందు కూర్చున్నాను. మూడో రోజు మెట్లు ఎక్కలేక గోడ పట్టుకుని నిలబడిపోతే, కింద పనిచేసే ఒకాయన ఆటో పిలిచి ఎక్కించాడు. డెంగీ అన్నారు. ఆసుపత్రిలో చేర్చుకునే ముందు నర్సు కాగితాలు నింపుతూ, "మీతోని ఎవరొచ్చిన్రు?" అని అడిగింది.

"ఎవరూ రాలేదమ్మా."

"మరి సంతకం ఎవరు పెడ్తరు?"

"నేనే పెడతాను," అన్నాను. ఆమె కలం నా చేతికిచ్చింది.

నేను మంచం మీద ఉన్నప్పుడే సర్వర్ ధ్రువపత్రం గడువు తీరింది. మా సర్వర్ నిజంగా మా సర్వరేనని ఊరి యంత్రాలకు చూపించే గుర్తింపు కార్డు లాంటిది అది. ఏడాదికోసారి కొత్తది పెట్టాలి. గడువు తీరితే యంత్రాలు సర్వర్‌ను నమ్మవు, దానికి ఏమీ పంపవు. ఆ తేదీ నా ఫోన్‌లో గుర్తు పెట్టుకునే ఉన్నాను. ఆ పొద్దున ఫోన్ మోగింది కూడా. నర్సు దాన్ని పక్కకు జరిపి నాకు సెలైన్ మార్చింది.

మొదట మల్లమ్మ ఫోన్ చేసింది. చీటీలు వస్తున్నాయి గానీ పైకి పోవడం లేదు, యంత్రం మీద ఎర్ర గుర్తు అలాగే ఉందని. తర్వాత బసవరాజు. "అన్ని ఊర్లదీ అదే కత మేడం. పాల బిల్లు దగ్గరికొచ్చింది," అని, నా గొంతు విని ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. చివరికి జనరల్ మేనేజర్ స్వయంగా చేశారు. విషయం చెప్పాను. కొత్త ధ్రువపత్రం పెట్టడం కష్టమైన పని కాదని, అయితే సర్వర్ లోపలి అమరిక తెలిసినవాళ్లే చేయాలని.

"ఇంకెవరికి తెలుసమ్మా?"

"ఎవరికీ తెలియదు సార్."

"రహమత్‌ను పంపిస్తాను, మీరు పక్కనుండి చెప్పి చేయించండి," అన్నారు.

రహమత్ పరిగి మీదుగా బస్సులో వచ్చాడు. నా గది తాళం తీయించి ల్యాప్‌టాప్ తెచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. జుట్టు నెరిసింది. నేను కళ్లు మూసుకుని ఒక్కో ఆదేశం చెబుతుంటే అతను టైపు చేశాడు. అతను పెట్టిన పేర్లే, అతను అమర్చిన డేటాబేసే, అయినా మధ్యమధ్య, "ఇది యాడుండె మేడం?" అని అడిగాడు. రెండుసార్లు తప్పు చోటికి పోయి వెనక్కు వచ్చాడు. పని పూర్తయ్యేసరికి బయట ఎండ వాలింది. ఊరి యంత్రాల్లో ఆగిపోయిన వివరాలు ఒక్కొక్కటిగా రావడం మొదలుపెట్టాయి. అతను ల్యాప్‌టాప్‌ను నా వైపు తిప్పి పట్టుకున్నాడు. చుక్కలు పచ్చబడుతుంటే ఇద్దరం చూస్తూ ఉన్నాం.

"ఒక్క చీటి గూడ పోలేదు మేడం," అన్నాడు. ల్యాప్‌టాప్ మూస్తూ, "గని నాకు సగం యాదికి లేదు. ఈసారి మీరు చెప్తె చేసిన. ఇంకో ఏడాదైతె మీరు చెప్పినా నాకు సమజ్ గాదు," అన్నాడు.

కొబ్బరినీళ్ల సీసా కిటికీలో పెట్టి, ఆఖరి బస్సు తప్పుతుందని వెళ్లిపోయాడు. తెల్లారి పాల బిల్లు మామూలుగానే పడింది. రైతుల్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. మా వృత్తిలో మంచి పని అంటే అదే, ఎవరికీ తెలియకపోవడం.

కోలుకున్నాక ఇంకొక మనిషి కావాలని పైకి రాశాను. వ్యవస్థ స్థిరంగా ఉంది, వివరాలేవీ పోలేదు, కాబట్టి అదనపు సిబ్బంది అవసరం కనిపించడం లేదని జవాబు వచ్చింది. వాళ్ల తర్కంలో లోపం లేదు. ఆ స్థిరత్వం నేను కట్టిందే. ఆసుపత్రి గురించి ఆ కాగితంలో రాయలేదు. రాయవలసిన చోటు అది కాదనిపించింది.

మరుసటి ఏడు పక్క జిల్లాకు విస్తరించాలని బోర్డు నిర్ణయించింది. ఖర్చు అంచనా తయారుచేసే పని నాకే వచ్చింది. వ్యవస్థ ఇంకో ప్రతి, ఇంకో సర్వర్, అంతే. రహమత్ ఒకప్పుడు భయపడిన బరువు ఎక్కడా పడలేదు. అంచనాలో సర్వర్ ఖర్చు కింద, దాని నుంచి విడదీయరాని భాగంగా, ఇద్దరు ఇంజినీర్ల జీతాలు రాశాను. ఆర్థిక విభాగం అధికారి ఆ వరుస దగ్గర ఆగారు.

"ఇద్దరెందుకు మేడం? ఇక్కడ మీరొక్కరే నడుపుతున్నరు గదా."

"నడుపుతున్నాను కాబట్టే ఇద్దరని రాశాను," అన్నాను.

ఆయన సంతకం పెట్టారు. కొత్త జిల్లాకు ఇద్దరు వచ్చారు. నా దగ్గర కొన్ని వారాలు పని నేర్చుకుని తమ చోటికి వెళ్లారు. ఆ వారాలు గదిలో మళ్లీ అరిచి మాట్లాడుకోవడం ఉండేది. వికారాబాద్ పోస్టు మాత్రం ఒక్కటిగానే ఉంది. పాత మంజూరును మార్చడం కొత్త మంజూరు తెచ్చుకోవడం కంటే కష్టం. నిరుడు నేను పదవీ విరమణ చేసేదాకా ఆ తెర ముందు నేనొక్కదాన్నే కూర్చున్నాను. నేను దిగిపోయాక వికారాబాద్‌ను ఆ ఇద్దరికే అప్పగించి, వాళ్లకు మూడో మనిషిని ఇచ్చారని విన్నాను. తాండూర్ కేంద్రం నడుస్తూనే ఉంది.

వృత్తిలో ఉన్న పిల్లలు అప్పుడప్పుడూ ఆ ఎంపిక సరైనదేనా అని అడుగుతారు. సరైనదే. ఈరోజు మళ్లీ ఆ సమావేశంలో కూర్చోబెట్టినా ఒకే ప్రోగ్రాం, ఒకే సర్వరే ఎంచుకుంటాను. జనరల్ మేనేజర్ ప్రశ్నకు మాత్రం వేరే జవాబు చెబుతాను. ఒక వ్యవస్థను నడపడానికి ఎంతమంది చాలన్నది వేరు, దానికి ఎంతమంది ఉండాలన్నది వేరు. మొదటిది యంత్రాల లెక్క, దాన్ని పరీక్షించి చెప్పవచ్చు. రెండోది మనుషుల లెక్క. చూసుకునే మనిషికి జ్వరం వస్తుంది, సెలవు కావాలి, ఒక వయసు తర్వాత ఆ మనిషి ఉండదు. చౌక వ్యవస్థను ఎంచుకునేవారు అది మిగిల్చిన డబ్బులోంచి మొదటి రోజునే రెండో మనిషి జీతాన్ని పక్కన పెట్టాలి. ఆ జీతం కలిపాక కూడా అది చౌకగానే ఉంటే, ఎంపిక సరైనది. కలపకముందు వచ్చిన అంకెను బోర్డు ముందు పెట్టకూడదు.